పాతకారు నీటిపంపు: ప్యాకింగునకు లేపనము వలయునా?

మన పాఠశాల సైన్సుగది బీరువాలో అయస్కాంతములకును గాజుపట్టకమునకును నడుమ ఒక చిన్న సీసా కలదు. అందులో నీలిరంగు రబ్బరుతునకలు కొన్ని ఎండిన వానపాములవలె ముడుచుకొని పడియున్నవి. ఆ సీసాపై చీటి లేదు. ప్రతి సంవత్సరము క్రొత్తగా వచ్చిన విద్యార్థులు దానిని చూచి, “ఇది ఏ జంతువండీ?” అని అడుగుచుందురు. అది జంతువు కాదు. ఒక పాతకారు రేడియేటరునుండి నేను స్వహస్తముతో తీసిన పదార్థము. అది అందులోనికి ఎట్లు వచ్చెనో, రాకుండుటకు ఏమి చేసియుండవలసినదో తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మోటారుపని నేర్చుకొను బాలురు మొట్టమొదట చేయు పనులలో నీటిపంపును మార్చుట ఒకటి. మన దేశమున ఈ పనికి మిక్కిలి అనువైన బండి అంబాసిడరు. కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు తయారైన ఈ కారు ఇంగ్లండు దేశపు మోరిసు ఆక్సుఫర్డు కారు ననుసరించి నిర్మింపబడినది. చిరకాలము దానియందుండిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ముందుభాగముననే నీటిపంపు అమర్చబడియుండును. మూత యెత్తినంతనే కంటికి కనబడును, చేతికి అందును. అందుచేత దానిని విప్పుటకు ధైర్యము చాలని వారుండరు.

పాతపంపును విప్పి క్రొత్తదానిని అమర్చునపుడు ఒక ప్రశ్న తప్పక పుట్టును. పంపునకును ఇంజనునకును నడుమ ఒక కాగితపు ప్యాకింగు పెట్టుదురు. ఆ ప్యాకింగునకు పేస్టు పూయవలెనా, పూయరాదా? ఒక మేస్త్రీ, “రెండువైపుల దట్టముగా పూయుము, చుక్క కారదు” అని చెప్పును. మరియొక మేస్త్రీ, “పేస్టు పూయుట పని రానివాని గురుతు; ఉత్త కాగితమే చాలును” అని చెప్పును. ఇద్దరును పని తెలిసినవారే. ఇద్దరి బండ్లును నడచుచునే యున్నవి. ఇట్టి సమయమున ఎవరి మాట వినవలెనని విచారించుట కంటె, ప్యాకింగు చేయు పని యేమి, పేస్టు చేయు పని యేమి యని విచారించుట మేలు. అంగళ్లలో పేస్టు అని పిలువబడు ఈ పదార్థమును ఈ వ్యాసమున లేపనమని వ్యవహరింతును.

ఇంజనునకు నీరు ఏల?

పెట్రోలు మండుటవలన పుట్టిన వేడిమిలో సుమారు మూడవవంతు మాత్రమే బండిని నడుపు శక్తిగా మారును. మరియొక మూడవవంతు పొగతోకూడ బయటికి పోవును. మిగిలిన దానిలో అధికభాగమును నీరు మోసికొనిపోవలెను. నీటికి ఈ పని అప్పగించుటకు కారణము మీరు భౌతికశాస్త్రమున చదివియే యున్నారు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడిచేయుటకు సుమారు 4,200 జౌళ్ల వేడిమి కావలెను. ఇనుమునకు అందులో తొమ్మిదవవంతైనను అక్కరలేదు. కావున నీరు కొంచెముగా వేడెక్కియే ఎక్కువ వేడిమిని గ్రహింపగలదు.

వేడినీరు తేలికయై పైకి పోవును, చల్లనినీరు బరువై క్రిందికి దిగును. ఈ స్వభావము నాధారముగా గొని పంపు లేకయే నడచిన కార్లు పూర్వము కలవు. 1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు ‘టి’ కారునకు మొదటి 2,500 బండ్లవరకు పంపు ఉండెను. పిమ్మట దానిని తీసివేసి, నీటిని దాని స్వభావమునకే విడిచిరి. 1927లో వచ్చిన ‘ఎ’ కారునకు మరల పంపు పెట్టిరి. ఇంజను బలము పెరిగినకొలది నీరు తనంతట తాను మెల్లగా తిరుగుట చాలదని తేలినది.

నీరు తిరుగు మార్గము ఇట్టిది. పంపు రేడియేటరు అడుగునుండి చల్లనినీటిని పీల్చి ఇంజనులోనికి నెట్టును. ఆ నీరు సిలిండర్ల చుట్టును తిరిగి, తలకట్టులోనికెక్కి, అచ్చట థర్మోస్టాటు అను తలుపును దాటి, పైగొట్టము ద్వారా రేడియేటరు పైతొట్టిలోనికి చేరును. అక్కడినుండి సన్నని చదునుగొట్టములలో క్రిందికి దిగుచు, గాలికి చల్లబడి, తిరిగి పంపును చేరును. ఈ మార్గమును జ్ఞాపకముంచుకొనుడు. పంపువద్ద నీటిలో పడిన ప్రతి తునకయు చివరకు ఆ సన్నగొట్టముల నోటివద్దకు పోక తప్పదు. ఆ గొట్టముల లోపలి వెడల్పు సాధారణముగ కొలది మిల్లీమీటర్లే.

పంపు నిర్మాణము

నీటిపంపు కష్టమైన యంత్రము కాదు. ఒక ఇరుసు, దాని వెలుపలి కొనకు బెల్టుచే తిరుగు కప్పీ, లోపలి కొనకు రెక్కలచక్రము, నడుమ బేరింగు. రెక్కలచక్రమున్న వైపు నీరు, బేరింగున్న వైపు గ్రీజు. ఈ రెండును కలియకుండ నడుమ ఒక సీలు అడ్డముగ నుండును. ఆ సీలు ఎల్లప్పుడు రాచుకొనుచుండును గనుక కాలక్రమమున అరిగిపోవును.

సీలు అరిగినపుడు నీరు బేరింగులోనికి పోరాదని, పంపు అడుగుభాగమున ఒక చిన్న రంధ్రమును ఉంచిరి. దీనిని ఊటరంధ్రమని పిలుతము. ఈ రంధ్రమునుండి నీరు కారుచున్నచో పంపునకు ఆయువు తీరినదని యర్థము. కొందరు తెలియక ఈ రంధ్రమునే లేపనముతో మూసివేయుదురు. కారుట నిలిచిపోవును, యజమాని సంతోషించును. కాని నీరు బేరింగులోనికి పోయి, గ్రీజును కడిగివేసి, తుప్పు పట్టించును. పిమ్మట ఒకనాడు ఇరుసు వదులై ఊగును. అంబాసిడరు వంటి బండ్లలో పంకా ఆ ఇరుసుమీదనే యుండును గనుక, అది ముందున్న రేడియేటరును తగిలి చీల్చును. జబ్బును తెలుపు గురుతును చెరిపివేసినంత మాత్రమున జబ్బు పోదు. కావున లేపన విషయమున మొదటి నియమము ఇది: ఊటరంధ్రమునకు ఎన్నడును లేపనము తగులనీయరాదు.

అతుకు ఏల కారును?

ఇప్పుడు పంపునకును ఇంజనునకును నడుమనున్న అతుకును చూతము. బోల్టుల బిగువు చాలక నీరు కారునని అనేకులు తలతురు. లెక్క వేసి చూడుడు. పాతకార్ల రేడియేటరు మూత చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడిని ఆపునదనుకొందము. పంపు నోరు 6 చదరపు అంగుళములనుకొందము. అప్పుడు నీరు పంపును బయటికి నెట్టు బలము 42 పౌనులు మాత్రమే. సక్రమముగ బిగించిన 5/16 అంగుళపు బోల్టు ఒక్కటియే వేయి పౌనులకు మించిన బలముతో పంపును అదిమిపట్టగలదు. అట్టి బోల్టులు నాలుగు. ఇంక బలమునకు కొదువ యెక్కడిది?

కొదువ బలములో లేదు, చదునులో ఉన్నది. మనకు నున్నగా కనబడు లోహపు ముఖము సూక్ష్మదర్శినితో చూచినచో దున్నిన పొలమువలె నుండును. రెండు ముఖములను ఎంత బిగించినను మిట్టలు మిట్టలను తాకునే గాని పల్లములు పల్లములుగనే యుండును. ఆ పల్లములు ఒకదానితో నొకటి కలిసి కాలువయైనచో నీరు బయటికి వచ్చును. మెత్తని కాగితపు ప్యాకింగు నడుమ నుంచినచో మిట్టలు దానిలోనికి దిగబడును. కాగితము పల్లములలోనికి పోవును. కాలువలు తెగిపోవును. ప్యాకింగు చేయు పని యంతయు ఇదియే.

ఈ సంగతి క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దమున జర్మనీదేశపు మాగ్డెబర్గు నగరవాసి ఆటో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళములను చేర్చి, వాని లోపలి గాలిని తీసివేసి, గుఱ్ఱములచే లాగించినను విడిపోవని చూపిన ప్రయోగమును మీరు చదివియున్నారు. ఆ అర్ధగోళముల నడుమ ఒక తోలు ఉంగరముండెను. ఆ తోలును మైనములోను కర్పూరతైలములోను నానబెట్టిరి. తోలు అతుకును మూసినది. మైనము తోలులోని రంధ్రములను మూసినది. ఒకటి ప్యాకింగు, మరియొకటి లేపనము. లేపనము తోలునకు బదులుగ నిలువలేదు. తోలు చేయలేని చిన్నపనిని మాత్రము చేసినది. మన ప్రశ్నకు సమాధానము ఈ ప్రయోగములోనే యున్నది.

హైదరాబాదు వంటవారు బిరియాని హండీకి మూతపెట్టి అంచుచుట్టును గోధుమపిండి ముద్ద అంటింతురు. హండీ అంచును మూతయు సరిగా కలియవు గనుక పిండి అవసరము. పిండి అంచుననే యుండవలెను, లోపల అన్నములో పడరాదు. నోవహు ఓడకు లోపలను వెలుపలను కీలు పూయుట సైతము ఇట్టిదే. పలకలను ఎంత నేర్పుగా చెక్కినను నడుమ సందు మిగులును. ఎచ్చట సందు మిగులునో అచ్చటనే పూతకు పని కలదు.

లేపనములు ఎట్టివి?

పూర్వము గొట్టపుపనివారు మరల అతుకులకు నారచుట్టి సీసపు సఫేదా పూయుచుండిరి. సీసము విషము గనుక ఇపుడు దానిని తాకరాదు. మోటారుపనివారు లక్కను సారాయిలో కరగించి ప్యాకింగులకు పూయుచుండిరి. మోదుగ, రేగు మొదలగు చెట్లకొమ్మలపై లక్కపురుగులు పెట్టు జిగురునుండి తీసిన ఈ లక్క ఎండి గట్టిపడును. గట్టిపడునది గనుక మరల విప్పునపుడు గోకి తీయుట కష్టము. ఎప్పటికిని ఎండక జిగటగనే యుండు లేపనములును కలవు. పాత ఇంజనుల కాగితపు ప్యాకింగులకు ఇవి అనుకూలములు.

నేడు అంగళ్లలో ఎక్కువగా దొరకునది సిలికోను లేపనము. ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున ఇంగ్లండులోని నాటింగ్‌హాము నందు ఫ్రెడరిక్ కిప్పింగు అను రసాయనశాస్త్రజ్ఞుడు పరిశోధించిన పదార్థముల వంశములోనిది ఇది. గొట్టమునుండి తీయునపుడు మెత్తగా నుండి, గాలిలోని తేమను గ్రహించి రబ్బరుగా మారును. పైన కొలది నిమిషములలో పొర కట్టినను లోపలవరకు గట్టిపడుటకు సాధారణముగ ఒక పగలును ఒక రాత్రియు పట్టును. కొన్ని రకములు గట్టిపడునపుడు ఎసిటిక్ ఆమ్లమును విడుచును. పులిసిన సిర్కా వాసన వచ్చినచో అది ఆ రకమని తెలిసికొనవలెను. ఆ ఆమ్లము కొన్ని లోహములను తినును గనుక, ఇంజనుపనికి ఆమ్లము విడువని రకమును ఎంచుకొనవలెను.

సిలికోనునకు మరియొక గుణము కలదు. పచ్చిగా నున్నపుడు అది నూనెవలె జారును. కాగితపు ప్యాకింగునకు రెండువైపుల దట్టముగా పూసి బోల్టులు బిగించినచో, కాగితము నిలువక ప్రక్కకు జారును, ఒక్కొక్కప్పుడు చినుగును. అనగా గట్టితనమునకై పూసినదే ప్యాకింగును చెరుచును.

నాలుగు సందర్భములు

ఇంక సూటిగా సమాధానము చెప్పవచ్చును. పంపులన్నియు ఒక్కరీతిగా నుండవు గనుక సమాధానము నాలుగు విధములు.

మొదటిది, కాగితపు ప్యాకింగు; ముఖములు రెండును శుభ్రముగను చదునుగను ఉన్నవి. ఇచ్చట లేపనము అవసరము లేదు. ప్యాకింగు జారకుండ పట్టియుండుటకు పంపువైపున సన్నగా గ్రీజైనను, ఎండని లేపనమైనను వ్రేలితో రాసినచో చాలును. రాసిన పిమ్మట కాగితపు రంగు కనబడుచుండవలెను. కనబడనిచో ఎక్కువైనదని యెరుగవలెను.

రెండవది, కాగితపు ప్యాకింగే. కాని ఇంజను ముఖము తుప్పుతిని గుంటలు పడినది. పాతకార్లలో, అందును కూలెంటు పోయక ఉత్తనీరు పోసి నడిపిన బండ్లలో, ఇది సాధారణము. గుంట ముఖపు వెడల్పులో కొంతవరకే యున్నచో సన్నని లేపనము దానిని నింపగలదు. ఇచ్చటనే లేపనమునకు నిజమైన పని. గుంట లోపలి అంచునుండి వెలుపలి అంచువరకు కాలువవలె పోయినచో లేపనమును నమ్మరాదు, ముఖమును సరిచేయించవలెను.

మూడవది, గుండ్రని రబ్బరు ఉంగరము గల పంపు. వోక్సువాగను కార్లలో అనేకములకు ఇట్టివి కలవు. ఆ ఉంగరమునకు తగిన గాడి తయారుచేసినవారే చెక్కియుందురు. గాడిలో లేపనము నింపినచో ఉంగరము నొక్కుకొనుటకు చోటుండదు. ఇచ్చట లేపనము కూడదు. గ్రీజు సైతము కూడదు, ఏలయన నీటిపంపులలో వాడు కొన్ని రబ్బరులు ఖనిజతైలము తగిలిన ఉబ్బును. గాడిని తుడిచి, ఉంగరమును కూలెంటుతో తడిపి అమర్చవలెను.

నాలుగవది, ప్యాకింగే లేని పంపు. జపాను నిర్మాతలు కొందరు కాగితమునకు మారుగా సిలికోను లేపనమునే వాడుమని నిర్ణయించియున్నారు. ఇచ్చట లేపనము తప్పనిసరి. కాని దానికిని కొలత కలదు. సాధారణముగ రెండు మూడు మిల్లీమీటర్ల లావుగల తీగవలె, తెగకుండ, ప్రతి బోల్టురంధ్రమునకు లోపలివైపుగ చుట్టివచ్చునట్లు పెట్టవలెను. పొర కట్టకముందే పంపును అమర్చవలెను. గట్టిపడువరకు నీరు పోయరాదు.

ఇవిగాక ఒక విశేషము కలదు. కొన్ని ఇంజనులలో పంపుబోల్టుల రంధ్రములు నీరుండు గదిలోనికి తెరచియుండును. అప్పుడు ప్యాకింగు ఎంత చక్కగా కూర్చున్నను నీరు మరలవెంట ప్రాకి బోల్టుతలవద్ద కారును. బోల్టును తీసినపుడు దాని కొన తడిగానో తుప్పుపట్టియో యున్నచో ఈ సంగతి తెలియును. అట్టి బోల్టుల మరలకు కొంచెము లేపనము పూయుట న్యాయము.

సీసాలోని తునకలు

ఇంక ఆ సీసా కథ చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట వసతిగృహపు పాత అంబాసిడరు పంపు కారుచుండగా, పెద్ద తరగతుల బాలురను కొందరిని వెంటబెట్టుకొని ఒక శనివారమున నేనే దానిని మార్చితిని. ముఖములను సరిగా గోకలేదు, సాయంకాలమగుచుండెను. గోకని లోపమును కప్పుటకు నీలిరంగు సిలికోనును ప్యాకింగునకు రెండువైపుల గోడకు సున్నము కొట్టినట్లు పూసితిని. బోల్టులు బిగించినపుడు వెలుపలికి చుట్టును నీలపు అంచు పొంగినది. బాలురు దానిని చూచి మెచ్చుకొనిరి. నేనును సంతోషించితిని. వెలుపలికి పొంగినంత లోపలికిని పొంగియుండునన్న ఆలోచన నాకు తట్టలేదు.

ఒక నెలవరకు చుక్కయైన కారలేదు. పిమ్మట ఒక రాత్రి వసతిగృహమున ఒక బాలునికి కడుపునొప్పి తీవ్రమై, అతనిని ఆ కారులోనే ఆసుపత్రికి తీసికొని బయలుదేరితిమి. దారిలో ఎత్తైన ఘాటురోడ్డు ఎక్కుచుండగా ఇంజనునుండి ఆవిరి లేచి బండి నిలిచిపోయినది. రేడియేటరు మూత తీయుటకు వీలులేదు. ఏలయన 7 పౌనుల ఒత్తిడిలో నీరు సుమారు 111 డిగ్రీలవరకు మరుగక యుండును. మూత తీసినంతనే ఆ నీరు ఒక్కమారుగ ఆవిరియై మొగమును కాల్చును. చీకటిలో రోడ్డుప్రక్కను బాలుని తల ఒడిలో పెట్టుకొని కూర్చుంటిమి. ఎంతసేపటికో ఒక లారీ వచ్చినది. ఆ డ్రైవరు దయతో మమ్ములను ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చెను. ఆ రాత్రియే శస్త్రచికిత్స జరిగినది. బాలుడు బ్రదికెను. ఇంకను ఆలస్యమైయుండినచో కష్టమగునని వైద్యుడు చెప్పెను.

మరునాడు రేడియేటరు పైగొట్టము విప్పి చూచితిని. సన్నగొట్టముల నోళ్లకు అడ్డముగ నీలపు రబ్బరుతునకలు పేరుకొనియుండెను. థర్మోస్టాటు తలుపులో ఒకటి చిక్కుకొనియుండెను. అవియే ఆ సీసాలోనివి. ఇంజను తలకట్టు వేడికి వంకరపోయినది. దానిని చదునుచేయించుటకైన వ్యయము పంపు వెలకంటె అనేక రెట్లు. కాని నేను ఆ సీసాను ఉంచుకొన్నది ఆ వ్యయమును తలచుకొనుటకు కాదు. ఎవ్వరును అబద్ధమాడలేదు, ఎవ్వరును దొంగపని చేయలేదు. గోకవలసిన చోట గోకక పూతపూసితిని, అంతియే. ఆ పూతవలన ఒక పిల్లవాని ప్రాణము ఘాటురోడ్డుమీద నిలిచిపోయినది.

చేయవలసిన విధము

ఇంజను బాగుగా చల్లారిన పిమ్మటనే పని మొదలిడవలెను. కూలెంటును ఒక పాత్రలోనికి వదలి మూతపెట్టవలెను. అందులోని ఎథిలీను గ్లైకాలు తియ్యగా నుండు విషము. కుక్కలును పసిపిల్లలును త్రాగు ప్రమాదము కలదు. పిమ్మట బెల్టును పంకాను తీసి, బోల్టులను విప్పుచు, ఏ బోల్టు ఏ రంధ్రములోనిదో తెలియునట్లు ఒక అట్టపై గ్రుచ్చియుంచవలెను. వాని పొడవులు వేరుగ నుండవచ్చును.

ఇంజను నోటిలో శుభ్రమైన గుడ్డ కూరి, పాత ప్యాకింగును గోకవలెను. గుడ్డ లేనిచో గోకిన పొట్టంతయు నీటిమార్గమున పడును. పాత ప్యాకింగులలో రాతినార యుండవచ్చును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయును గనుక తడిపి గోకవలెనేగాని పొడిగా రుద్దరాదు. అల్యూమినియపు ముఖమైనచో ఉక్కుపనిముట్టుతో గీతలు పడనీయరాదు. ఈ పనికి తొందర కూడదు. పంపును మార్చుటకు ఒక గంట పట్టినచో, అందులో సగము గోకుటకే యియ్యవలెను.

పిమ్మట చదును చూడవలెను. ఉక్కుబద్దను ముఖముపై నిలువుగ ఆనించి వెలుతురువైపు చూచినచో సందులు కనబడును. ఇంటివద్ద మీరు చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. అద్దపుపలకపై బొగ్గుపొడిని నూనెతో కలిపి పలుచగా పూసి, దానిపై ఒక లోహపుబిళ్లను నొక్కి తీయుడు. నల్లనైన చోట్లు మిట్టలు, అంటని చోట్లు పల్లములు. నున్ననిదనుకొన్న బిళ్లపై ఎన్ని పల్లములున్నవో చూచి ఆశ్చర్యపడుదురు.

క్రొత్త ప్యాకింగును మొదట ఉత్తగనే పెట్టి, రంధ్రములన్నియు కలియుచున్నవో లేదో చూడవలెను. క్రొత్తపంపు రెక్కలచక్రము దేనికిని తగులక తిరుగుచున్నదో లేదో చూడవలెను. ప్యాకింగును రెండుపొరలు వేయరాదు. రెక్కలకును గోడకును నడుమ దూరము పెరిగినచో పంపు నీటిని సరిగా నెట్టలేదు. పైన చెప్పిన నాలుగు సందర్భములలో ఇది యేదియో నిర్ణయించుకొని, లేపనము వలసినచో వలసినంతయే పూయవలెను. లోపలి అంచువద్ద పూత వెలుపలి అంచువద్దకంటె పలుచగా నుండవలెను.

నోటిలోని గుడ్డను తీసి పంపును అమర్చి, బోల్టులన్నిటిని మొదట వ్రేళ్లతో ఎక్కించి, పిమ్మట ఎదురెదురుగా కొంచెము కొంచెముగ బిగించవలెను. ఒక మూలను ముందే గట్టిగా బిగించినచో ఎదుటిమూల లేచును. ఎంత బిగువో ఆ కారు పుస్తకమున వ్రాయబడియుండును. చేతిబలము చూపుటకు ఇది తావు కాదు. కూలెంటు పోసి, ఇంజను నడిపి, వేడెక్కిన పిదప అతుకుచుట్టును ఒక పొడికాగితముతో తుడిచి చూడవలెను. చల్లారిన పిమ్మట నీటిమట్టము మరల చూడవలెను.

ముగింపు

కావున, పాతకారు నీటిపంపును మార్చునపుడు లేపనము వలయునా యను ప్రశ్నకు నా సమాధానమిది. తయారుచేసినవారు కాగితము చెప్పినచోట కాగితమే పెట్టుడు; రబ్బరు ఉంగరము చెప్పినచోట ఉంగరమే పెట్టుడు; లేపనము చెప్పినచోట లేపనమే పెట్టుడు. ముఖమున చిన్నగుంట యున్నచోటను, నీటిగదిలోనికి దిగు బోల్టుమరలకును, పలుచని పూత సహాయము చేయును. అంతకుమించి పూసినది ఏదియు సహాయము కాదు. శుభ్రపరచుటకు బదులుగ పూసినది మాత్రము కీడు.

పూయుము అన్న మేస్త్రీ గుంటలు పడిన ఇంజనులను ఎక్కువగా చూచినవాడై యుండవచ్చును. పూయకుము అన్న మేస్త్రీ మూసుకొనిపోయిన రేడియేటర్లను ఎక్కువగా చూచినవాడై యుండవచ్చును. ఇద్దరి మాటలోను సత్యమున్నది. మీ యెదుటనున్న ముఖమును గోకి, తుడిచి, వ్రేలితో తడవి చూచినపుడే ఆ దినమున ఎవరి మాట వర్తించునో తెలియును.

ఈ సంవత్సరము ఆ సీసాకు ఒక చీటి అంటింపదలచితిని. దానిపై ఏమి వ్రాయవలెనో విద్యార్థులే ఆలోచించి చెప్పవలెనని కోరుచున్నాను.